పైచూపు అయ్యగారు కూర్చున్న చోటు

ఆర్చ్‌డీకన్ గారు ఏ చర్చిలో అడుగు పెట్టినా ముందుగా తగిలేది పచ్చి రంగు వాసన. ఆయన తనిఖీకి వస్తున్నారని ముందే కబురు వెళ్ళేది. ఆ కబురుకూ ఆయన రాకకూ మధ్య గోడల మీది చెమ్మ మరకలు సున్నం కిందికి వెళ్ళిపోయేవి, కిర్రుమనే తలుపు నూనె తాగేది, కాలు విరిగిన బల్ల ఎవరి పెరట్లోకో తరలిపోయేది. పాస్టరు గారింట్లో అటక మీది పెట్టెలోంచి మంచి కప్పులు కిందికి దిగేవి. బంగారు అంచువి కొన్ని, లతలు గీసినవి కొన్ని, ఎవరో పెళ్ళికి ఇస్తే ఇన్నేళ్ళుగా కాగితం చుట్టలోనే నిద్రపోయినవి కొన్ని. ఆ ప్రాంతంలోని ప్రతి పాస్టరు ఇంట్లోనూ అన్నిటికంటే మంచి కప్పు ఏదో ఆయనకు తెలుసు. రోజూ వాడుకునే కప్పు ఏదో ఒక్క ఇంట్లోనూ తెలియదు.

"నన్ను చూడగానే గోడలు కూడా ఊపిరి బిగబట్టుకుంటాయే," అని ఆయన భార్యతో అనేవారు.

"గోడల సంగతి సరే. మొన్న ఆ పాస్టరు గారి పిల్లి మిమ్మల్ని చూసి ఒళ్ళంతా నాక్కుని బుద్ధిగా కూర్చుంది, గమనించారా?" అని ఆమె నవ్వేది.

ఇందులో ఆయన తప్పేమీ లేదు. పదవి స్వభావమే అంత. ఆంగ్లికన్ సంఘాల్లో బిషప్ తర్వాత రోజువారీ పాలన బరువు మోసేది ఆర్చ్‌డీకన్. తొలి శతాబ్దాల్లో బిషప్ పక్కన నిలబడే డీకన్లలో ముఖ్యుడికి ఈ పేరు వచ్చింది. డీకన్ అంటే పరిచారకుడు. పేదలకు చేరవలసిన కానుకలు చేరుతున్నాయో లేదో చూడడం, బిషప్ వెళ్ళలేని చోటికి తాను వెళ్ళి రావడం అతని పని. అందుకే అతనికి 'బిషప్ కన్ను' అనే పేరు స్థిరపడింది. మధ్యయుగాల నాటికి ఆ కంటికి చేతులు కూడా మొలిచాయి. సొంత న్యాయస్థానాలు వచ్చాయి, జరిమానాలు వచ్చాయి, తాఖీదులు పట్టుకు తిరిగే బంట్రోతులు వచ్చారు. జనం ఎంతగా విసిగిపోయారంటే, అసలు ఆర్చ్‌డీకన్ అనేవాడికి మోక్షం దొరికే వీలుందా అని చదువుకున్నవాళ్ళు వేళాకోళంగా చర్చలు పెట్టుకునేవారట. కాలం గడిచిన కొద్దీ బంట్రోతులు పోయారు, జరిమానాలు పోయాయి, న్యాయస్థానాల అధికారం చాలావరకు కరిగిపోయింది. చూడడం మాత్రం మిగిలింది. కప్పు కారుతోందా, సమాధుల ప్రహరీ వాలుతోందా, వెండి గిన్నెలు భద్రంగా ఉన్నాయా, పాస్టరుకూ సంఘ పెద్దలకూ మాటలున్నాయా లేవా, ఇవన్నీ ఆర్చ్‌డీకన్ చూడాలి. చూసినది బిషప్‌కు చెప్పాలి. చెప్పేవాడని అందరికీ తెలుసు గనుక ఎవరూ అతనికి ఏమీ చెప్పరు.

మనం చెప్పుకుంటున్న ఆర్చ్‌డీకన్ గారికి జనం పెట్టుకున్న పేరు 'పైచూపు అయ్యగారు'. ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకుంటే ఆయన కళ్ళు మాత్రం పైకప్పు మీద ఉండేవి. అది భక్తి అని కొత్తవాళ్ళు అనుకునేవారు. అసలు సంగతి వేరు. ఆయన తండ్రి ఇళ్ళ కప్పులు బాగుచేసే మేస్త్రీ. తండ్రి వెంట నిచ్చెనలెక్కి పెరిగిన మనిషికి దూలం రంగు మారితే దాని వెనక ఎక్కడ నీరు దిగుతోందో కూర్చున్న చోటునుంచే తెలిసేది. బిషప్ ఆయన్ని ఆ పదవికి ఎంచుకోవడానికి సగం కారణం అదే. మిగతా సగం, ఆయన ఎవరి రహస్యమూ ఇంకొకరికి చేరవేయకపోవడం.

అంతకుముందు ఆయన ఒక చిన్న సంఘానికి పాస్టరు. ఆ సంఘంలో ఆయన పని మొదలైన రోజు గురించి ఇక్కడ కాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే తర్వాత జరిగినదంతా దానికే ముడిపడి ఉంది.

కొత్త పాస్టరును సంఘానికి పంపేటప్పుడు ఆత్మలను కాచే బాధ్యత బిషప్ ఇస్తాడు. చర్చి కట్టడాన్ని చేతిలో పెట్టేది మాత్రం ఆర్చ్‌డీకన్. ఆయన కొత్త పాస్టరు చెయ్యి పట్టుకుని ద్వారం దగ్గరికి నడిపించి, ఆ చేతిని తాళంచెవి మీద ఉంచుతాడు. ఆ క్షణంనుంచి ఆ చర్చి ఆ పాస్టరు స్వాధీనం. తర్వాత గోపురం కిందికి తీసుకెళ్ళి గంట తాడు అందిస్తాడు. 'నేను వచ్చాను' అని ఊరికి చెప్పడానికి పాస్టరు తన చేత్తో గంట కొట్టాలి. ఎన్నిసార్లు కొడితే అన్నేళ్ళు అక్కడ ఉంటాడని జనం నమ్మకం. అందుకే ఆ సమయంలో ఎవరూ ప్రార్థన చేయరు, అందరూ లెక్కపెడతారు. ఈ మొత్తం తంతును సంఘాల్లో 'అప్పగింత' అనేవారు.

తన అప్పగింత రోజున ఆయన తాడు పట్టుకుని లాగితే, గంట బరువుకు తాడు పైకి లేచి ఆయన్ని కూడా లేపింది. ఆపడం చేతకాక కొడుతూనే ఉన్నారు. జనం లెక్క తప్పి నవ్వడం మొదలుపెట్టారు. అప్పుడు పక్కన నిలబడ్డ కొత్త పెళ్ళికూతురు, ఆయన భార్య, ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకుని చెవిలో అంది: "చాలండీ బాబూ! ఇన్నేళ్ళు ఉండాలంటే ఆ ఇంట్లో వంటగది సరిపోదు."

ఆ వంటగదిలోనే వాళ్ళు చాలాకాలం సుఖంగా ఉన్నారు. పిల్లలు లేరు. ఆమె తపాలా కార్యాలయంలో కిటికీ వెనక కూర్చునే ఉద్యోగం చేసేది. ఊళ్ళో ఎవరికి ఎక్కడినుంచి కబురు వస్తోందో ఆమెకు తెలుసు, ఎవరు ఎందుకు దిగులుగా ఉన్నారో ఆయనకు తెలుసు. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోకుండా రాత్రి భోజనాల దగ్గర వాతావరణం గురించి మాట్లాడుకునేవారు.

ఆర్చ్‌డీకన్ అయ్యాక ఆయనకు సొంత చర్చి లేకుండా పోయింది. బిషప్ గారి పెద్ద చర్చిలో పదవి పేరు చెక్కిన కుర్చీ ఒకటి ఇచ్చారు. పండుగలకు తప్ప అందులో కూర్చునే పని పడేది కాదు. అన్ని చర్చీలూ ఆయనవే, ఏ చర్చిలోనూ ఆయన గంట లేదు. ఒకదాని తర్వాత ఒకటిగా ఇతరులకు అప్పగిస్తూ పోయారు. భార్య మాత్రం ప్రతి అప్పగింతకూ వచ్చేది. గోపురం దగ్గరి బల్ల చివర కూర్చునేది. ఆయన కొత్త పాస్టరుకు తాడు అందించే క్షణంలో ఆమె తన మోచెయ్యి తానే పట్టుకుని ఆయన వంక చూసేది. అంత గంభీరమైన తంతులో ఆర్చ్‌డీకన్ గారి పెదవి ఒక మూల ఎందుకు కదిలేదో ఎవరికీ తెలియదు.

ఆమె పోయిన ఏడాది ఆయనకు పదవిలో చివరికి ముందు ఏడాది. జబ్బు ఎక్కువ రోజులు బాధపెట్టలేదు. సమాధి కార్యక్రమం పద్ధతి ప్రకారం జరిగింది. బిషప్ వచ్చారు, గాయకబృందం పాడింది, పాస్టర్లందరూ నల్లని అంగీల్లో వరసగా నిలబడ్డారు. ఒక పాస్టరుకు కష్టం వస్తే ఇంటికి వెళ్ళి కూర్చోవలసినది ఆర్చ్‌డీకన్. ఆర్చ్‌డీకన్‌కు వస్తే ఎవరు వెళ్ళాలో నియమాల్లో లేదు. పాస్టర్లు వెళ్ళలేదని కాదు, వెళ్ళారు. ఎదురుగా కూర్చుని, తమ చర్చి మెట్లు బాగుచేయించామని, కాలువ శుభ్రం చేయించామని చెప్పి లేచారు. ఆయనతో మాట్లాడడానికి వాళ్ళకు తెలిసిన భాష అదొక్కటే.

ఆ తర్వాత వచ్చిన మొదటి అప్పగింత బస్సు డిపో వెనక ఉన్న చర్చిలో. కొత్త పాస్టరు ఒక యువతి. అప్పటికే సంఘంలో అందరూ ఆమెను 'పాస్టరమ్మ' అని పిలుస్తున్నారు. సంఘ పెద్ద తాళాలు చేసే మేస్త్రీ. తన పరువు పోకూడదని ద్వారం తాళాన్ని విప్పి, తుడిచి, మళ్ళీ బిగించి పెట్టాడు. పాస్టరమ్మ చెయ్యి తాళంచెవి మీద పెట్టడం సవ్యంగా జరిగింది. బిషప్ గారు వెనకే ఉన్నారు. అందరూ గోపురం కిందికి వచ్చారు. ఆర్చ్‌డీకన్ గారు కొక్కేనికి తగిలించిన తాడు తీసి చేతిలోకి తీసుకున్నారు. చివరి బల్ల మీదినుంచి ఒక పెద్దావిడ గొంతు వినిపించింది: "మాట్లాడకండర్రా, లెక్క తప్పుతుంది."

ఆయన తాడు పాస్టరమ్మకు అందించలేదు. తానే లాగారు.

గంట ఒక్కసారి ఠంగుమంది. పాస్టరు కొట్టవలసిన గంటను ఆర్చ్‌డీకన్ కొట్టడం ఆ చుట్టుపక్కల ఎవరూ విని ఎరుగరు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన తాడు వదల్లేదు, రెండోసారి లాగనూ లేదు. మోచెయ్యి కాస్త పక్కకు జరిపి, ఎవరో వచ్చి దాన్ని పట్టుకుంటారన్నట్టు అలాగే నిలబడిపోయారు. ఎవరూ పట్టుకోలేదు. కొంతసేపటికి పాస్టరమ్మ ఆయన వేళ్ళలోంచి తాడును మెల్లగా విడిపించి తన గంట తాను కొట్టుకుంది.

"ఫర్వాలేదు, అలసిపోయి ఉంటారు," అన్నారు బిషప్ గారు లోపలి గదిలో అంగీ విప్పుతూ. ఆ దయగల మాట ఆయనకు చెంపదెబ్బలా తగిలింది. అన్ని చర్చీల్లో అందరి తప్పులూ చూసిన మనిషి, నిండు సభలో, తన పనిలోనే తప్పు చేశాడు. పైగా ఒక పాస్టరు జీవితంలో ఒక్కసారే వచ్చే క్షణంలోకి తాను జొరబడ్డాడు. ఆ తర్వాత ఆ చర్చి తనిఖీ వంతు వచ్చిన ప్రతిసారీ సహాయకుణ్ణి పంపారు. ఆ వీధివైపు వెళ్ళడమే మానేశారు.

పదవీ విరమణ తర్వాత ప్రభుత్వోద్యోగి ఇంట్లో కూర్చోవచ్చు. పాస్టరు విషయం అలా కాదు. విరమించిన పాస్టరు తాను పనిచేసిన సంఘానికి మళ్ళీ వెళ్ళకూడదు. వెళితే జనం కొత్త పాస్టరును వదిలి పాత పాస్టరు చుట్టూ చేరతారు. అందుకని ఆ పద్ధతి పెట్టారు, అది మంచిదే. మామూలు పాస్టరయితే ఒక్క చర్చిని వదిలి పక్క చర్చికి వెళితే చాలు. ఆర్చ్‌డీకన్‌కు ఆ ప్రాంతంలోని చర్చీలన్నీ పనిచేసిన చోట్లే. చట్టం ఆయన్ని ఎక్కడికీ వెళ్ళవద్దనలేదు. ఎక్కడికి వెళ్ళాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

పదవితో వచ్చిన ఇంటి తాళంచెవి అప్పగించి, కళ్ళజోళ్ళ దుకాణం మీద ఉన్న రెండు గదుల్లో అద్దెకు దిగారు. ఒక గది నిండా పుస్తకాలు. రెండో గదిలో మంచం, మేజా, భార్య తపాలా కార్యాలయంలో వాడిన ఎత్తు కుర్చీ. వేరే ఊళ్ళో ఉండే అక్కకు ఫోన్‌లో చిరునామా చెబితే ఆవిడ పగలబడి నవ్వింది. "బిషప్ కన్ను ఆఖరికి కళ్ళజోళ్ళ కొట్టు మీదికి చేరిందన్నమాట!"

ఆయన కోరిక చాలా చిన్నది. తాను లోపలికి వచ్చినప్పుడు ఎవరూ సర్దుకోని చర్చి ఒకటి, అందులో బల్ల మీద కాస్త చోటు. అది దొరకకపోతే ఇక మిగిలిన ఆదివారాలన్నీ ఈ రెండు గదుల్లోనే.

మొదట మార్కెట్ దగ్గరి పెద్ద చర్చికి వెళ్ళారు. గుమ్మంలో కనబడగానే ముందు వరస లేచి నిలబడింది. దాన్ని చూసి వెనక వరసలు లేచాయి. ప్రసంగం మధ్యలో ఉన్న పాస్టరు ఏ మాట దగ్గర ఆగాడో మరిచిపోయాడు. సంఘ పెద్ద పరుగున వచ్చి, "చెప్పకుండా వచ్చేశారేంటండీ! వెనకగది సర్దనే లేదు," అన్నాడు. "నేను ప్రార్థనకు వచ్చానండీ," అన్నారాయన. "అయ్యో, అలాగే రాసుకుంటామండీ," అన్నాడు సంఘ పెద్ద. బయటికి వచ్చేటప్పుడు చేతికి బంగారు అంచు కప్పు వచ్చింది.

ఇంకో చర్చిలో ఆలస్యంగా వెళ్ళి స్తంభం వెనక కూర్చున్నారు. పైకి చూడకూడదని ముందే గట్టిగా అనుకుని ప్రార్థన మొదలుకాగానే కళ్ళు బిగించి మూసుకున్నారు. పైచూపు అయ్యగారు కళ్ళు మూసుకోవడం ఆ సంఘం ఎప్పుడూ చూడలేదు. చూడలేనంత ఘోరంగా కప్పు పాడైందని వాళ్ళు నిర్ధారణకు వచ్చారు. మళ్ళీ వారం వెళ్ళేసరికి లోపలంతా సారవలు కట్టి ఉన్నాయి, మేస్త్రీలు ఏ లోపమూ లేని పెంకులు దించి మళ్ళీ ఎక్కిస్తున్నారు. సంఘం బయట ఎండలో నిలబడి ప్రార్థన చేసుకుంటోంది. ఆయన వీధి మలుపునుంచే వెనక్కి తిరిగారు.

ఆ తర్వాత కొత్త ఆర్చ్‌డీకన్ ఇంటికి వచ్చాడు. మంచివాడే. మేజా అంచున చెయ్యి పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, చివరికి అన్నాడు: "అన్నయ్యగారూ, తప్పుగా అనుకోకండి. మీరు ఏ చర్చికి వెళితే అక్కడివాళ్ళు నాకు ఫోన్ చేస్తున్నారు. మేమేం తప్పు చేశామండీ, పెద్దాయన్ని పంపించారు, అని."

"నేనే వెళుతున్నానని చెప్పలేకపోయావా తమ్ముడూ?"

"చెప్పాను. నమ్మడం లేదు."

అప్పటినుంచి ఆయన ఆదివారాలు గదిలోనే గడిచాయి. ఆంగ్లికన్ ఆరాధనలో ప్రార్థన ఒక్కరిది కాదు. సగం పాస్టరు చెబుతాడు, మిగతా సగం సంఘం అందుకుంటుంది. ఆయన పుస్తకం తెరిచి నిలబడి మొదటి సగం చెప్పి, ఆగి, రెండో సగం కూడా తానే చెప్పుకునేవారు. మధ్యలో ఆ ఆగడమే కష్టంగా ఉండేది. కింద దుకాణంలో కుర్చీ జరిపిన చప్పుడు, బయట బస్సు చప్పుడు, ఆ ఖాళీలోకి వచ్చి కూర్చునేవి. పాట కూడా ఒకటి ఎత్తుకున్నారు కానీ, పైస్థాయి ఎప్పుడూ భార్య పాడేది. అక్కడికి వచ్చేసరికి పాట కింద పడిపోయింది. మళ్ళీ ఎత్తుకోలేదు.

"ఏరా, ఆదివారం ఎక్కడికెళ్ళావు?" అక్క ఫోన్‌లో ఇదే మొదటి ప్రశ్న.

"ఇంట్లోనే అక్కా."

"ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది."

"మరేంటి, దేవుడితో మాట పట్టింపా?"

"దేవుడితో కాదులే. బల్లలతో."

"ఇంతమందికి తాళంచెవులు చేతిలో పెట్టావు, నీకు కూర్చోడానికి జానెడు చోటు దొరకలేదా? ఆ డిపో వెనక చర్చి నీకు దగ్గరే కదరా?"

"అక్కడికి వద్దక్కా."

"ఆ గంట గొడవేనా ఇంకా? కొడితే కొట్టావు, ఎవరి నెత్తిన కొట్టావు?"

"నీకు తెలీదు. ఆ అమ్మాయికి అది జీవితంలో ఒకేసారి..."

"నాకు తెలీదు, నిజమే. మా తమ్ముడు పుట్టినప్పటినుంచి ఒక్క తప్పూ చెయ్యకుండా పెరిగాడు, ఒక్కటి చేసేసరికి దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలీక నెత్తిన పెట్టుకు తిరుగుతున్నాడు. అది మాత్రం తెలుసు." ఆవిడ ఫోన్ పెట్టేసింది. అలా పెట్టేయడం ఆవిడకు అలవాటే. ఆయన మాత్రం చాలాసేపు ఫోన్ చెవి దగ్గరే ఉంచుకున్నారు.

ఒక శనివారం సాయంత్రం బజారునుంచి వచ్చి తలుపు తీస్తుంటే తాళంచెవి తాళంలోనే విరిగిపోయింది. కూరగాయల సంచితో మెట్ల మీద నిలబడిపోయారు. కింద కళ్ళజోళ్ళ ఆయన, "ఉండండి, వీధి చివర మేస్త్రీని పిలుస్తా," అని వెళ్ళాడు. కాసేపటికి పనిముట్ల సంచి భుజాన వేసుకుని మెట్లెక్కి వచ్చిన మనిషిని చూసి ఆయన చూపు కూరగాయల సంచిలోకి దించుకున్నారు. డిపో వెనక చర్చి సంఘ పెద్ద.

మేస్త్రీ నమస్కారం పెట్టి మోకాళ్ళ మీద కూర్చుని తాళంలోకి తొంగిచూశాడు. సన్నని కొక్కెంతో విరిగిన ముక్కను బయటికి లాగి, దానితోనే తాళం తీశాడు.

"తాళం బాగానే ఉందండీ. మీరే తిప్పుతూ పక్కకి లాగుతున్నారు. ఒక చేతిలో సంచి ఉంటుంది కదా. ఇంట్లో ఇంకో మనిషి ఉంటే సంచి అందుకుంటారు. ఒంటరి వాళ్ళ తాళాలన్నీ ఇలాగే పోతాయి."

మేస్త్రీ ముక్కలు రెండూ గుడ్డలో చుట్టి జేబులో వేసుకున్నాడు.

"మా చర్చికి రావడం మానేశారు మీరు."

"సహాయకుణ్ణి పంపానుగా."

"పంపారు లెండి. ఆయన చక్కగా చూసి చక్కగా వెళ్ళాడు. మా పెద్దావిడ మాత్రం వదలదు. గంట కొట్టిన అయ్యగారేరీ, గంట కొట్టిన అయ్యగారేరీ అని ఒకటే నస."

ఆర్చ్‌డీకన్ గారు గోడకు ఆనుకున్నారు. "బాగా నవ్వుకున్నారా అందరూ?"

"నవ్వకుండా ఎలా ఉంటామండీ? బిషప్ గారిని వెనకేసుకుని, అంత ఠీవిగా నడిచొచ్చి, ఠంగుమనిపించారు. మా ఆవిడ ఇప్పటికీ చుట్టాలొస్తే చేసి చూపిస్తుంది." మేస్త్రీ కొక్కెం తుడుచుకున్నాడు. "తర్వాత మీ మొహం చూశాం. అమ్మగారు కూర్చునే చోటువైపు చూస్తున్నారు మీరు. ఇక ఎవరికీ నవ్వు రాలేదు."

"పాస్టరమ్మ నొచ్చుకునే ఉంటుంది."

"ఆవిడా? ఆవిడకి గంట కొట్టాలంటేనే భయమట. ఎక్కువ కొడితే ఇక్కడే ఉండిపోతానేమోనని, తక్కువ కొడితే మేం ఏమనుకుంటామోనని. మీరు చేసిన పనికి జనం ఆవిడ గంటలు లెక్కపెట్టడమే మరిచిపోయారు. నన్ను కాపాడారండీ ఆయన, అంటుంది. మీది ఒకటి మాత్రం లెక్కలో ఉంది. పెద్దావిడ తేల్చేసింది. గంట కొట్టాడు, ఒక ఏడాది మన చర్చిలో ఉండాల్సినవాడు, ఎక్కడ తిరుగుతున్నాడు, అని."

అలవాటు కొద్దీ ఆయన నోటికి వచ్చినది అడిగేశారు. "మీ ఉత్తరంవైపు కప్పు ఇంకా కారుతోందా?"

"కారకేం చేస్తుంది? ఎప్పుడో ఒకసారి మీరు వస్తారని సున్నం కొట్టేవాళ్ళం. ఆ రోజు తర్వాత అది కూడా మానేశాం. తప్పు చేసిన మనిషి దగ్గర మనమేం దాస్తాం, అని మావాళ్ళ ఉద్దేశం." మేస్త్రీ సంచి భుజాన వేసుకుని లేచాడు. "కొత్త తాళంచెవి రేపు చర్చిలో ఇస్తానండీ. ఈ రాత్రికి లోపల గడియ పెట్టుకోండి."

"చర్చిలోనా? మరి రేపు నేను బయటికి వస్తే ఇల్లు తెరిచే ఉంటుంది కదా? దొంగలు వస్తే?"

మేస్త్రీ తలుపు తోసి పుస్తకాల గది వంక చూశాడు. "ఇవి ఎత్తుకుపోవాలంటే వాళ్ళకి ముందు చదువు రావాలండీ," అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రంతా వాన కురిసింది. తెల్లవారాక ఆయన చాలాసేపు తలుపు దగ్గర నిలబడ్డారు. తాళం వేయకుండా ఇల్లు వదలడం ఆయన ఎన్నడూ ఎరగని పని. అయినా, తాళంచెవి లేకుండా ఎన్నాళ్ళని ఇంట్లో ఉండగలరు? చివరికి తలుపు దగ్గరగా వేసి, కళ్ళజోళ్ళ ఆయనకు చెప్పి బయల్దేరారు.

చర్చి ద్వారం దగ్గర మేస్త్రీ పాటల పుస్తకాలు పంచుతున్నాడు. చేతిలో ఒకటి పెట్టి, "తాళంచెవి తర్వాత ఇస్తా. ఇప్పుడిస్తే వెళ్ళిపోతారు," అన్నాడు. లోపల ఎవరూ లేచి నిలబడలేదు. ఒకరిద్దరు తల తిప్పి చూసి మళ్ళీ మాటల్లో పడ్డారు. బల్లల మీద తడి గొడుగులు, నేల మీద బురద అడుగులు. ఉత్తరపు గోడ మీద చెమ్మ మరక పైనుంచి కిందికి బాహాటంగా దిగి ఉంది. పాస్టరమ్మ బలిపీఠం దగ్గర కొవ్వొత్తులు వెలిగిస్తూ దూరంనుంచే ఆయన్ని చూసి తల ఊపింది, మళ్ళీ తన పనిలో పడింది.

గోపురం కింద చివరి బల్ల ఖాళీగా ఉంది. తాడు కొక్కేనికి తగిలించి ఉంది. ఆయన దానివైపు చూడకుండా బల్ల చివర కూర్చున్నారు. భార్య ఎప్పుడూ కూర్చునే చివర అదే అని కూర్చున్నాక గుర్తొచ్చింది. లేవబోయారు. అంతలో చేతికర్ర చప్పుడు వినిపించింది. పెద్దావిడ వచ్చి ఎదురుగా నిలబడింది.

"జరగండి. అది నా చోటు."

ఆర్చ్‌డీకన్‌గా ఉన్నంత కాలమూ ఆయనను ఎవరూ జరగమనలేదు. తడబడి బల్ల అవతలి చివరకంటా జరిగారు.

"అంత దూరం దేనికి? తలుపుసందులోంచి గాలి కొడుతుంది. ఇలా మధ్యన కూర్చుంటే నాకు గాలికి అడ్డుగా ఉంటారు."

ఆయన మధ్యకు వచ్చారు. పెద్దావిడ కర్ర బల్లకు ఆనించి, చెప్పులు విడిచి, కాళ్ళు ఆయన వైపు ముడుచుకుని కూర్చుంది. ఆరాధన మొదలైంది. పాస్టరమ్మ తన సగం చెప్పి ఆగింది. ఆ ఖాళీలోకి ఆయన గొంతు ఒక్కటే వెళ్ళలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు, కొందరు ముందుగా, కొందరు వెనగ్గా, ఒకరు పూర్తిగా తప్పుగా, రెండో సగం అందుకున్నారు. ఆయన వాళ్ళతో కలిసి ఆ సగమే చెప్పి ఊరుకున్నారు.

తర్వాత పాస్టరమ్మ ప్రార్థన చేద్దామంది. తలలు వంగాయి. ఆయన కళ్ళు అలవాటుగా పైకి వెళ్ళాయి. దూలం నల్లబడిన చోటునుంచి గోడ దాకా నీటి దారి స్పష్టంగా కనబడుతోంది. పెంకు జారింది రెండో వరసలో. నిచ్చెన వేస్తే పూట పని.

మోచెయ్యి మీద ఒక చెయ్యి పడింది. గట్టిగానే పడింది.

"కళ్ళు మూసుకోండి అయ్యగారూ," అంది పెద్దావిడ కళ్ళు తెరవకుండానే. "కప్పు ఎక్కడికీ పోదు."

ఆయన మూసుకున్నారు. పెద్దావిడ చెయ్యి తీయడం మరిచిపోయింది, లేదా తీయలేదు. ఉత్తరపు గోడ దగ్గర ఎవరో పెట్టిన బకెట్‌లో పైనుంచి చుక్క పడింది. కొంచెం ఆగి ఇంకో చుక్క పడింది. ఆయన కళ్ళు తెరవలేదు.